బండిలో ఉన్న రివర్స్‌కి మళ్లీ డబ్బులు కట్టాలంట!

స్వర్ణముఖి (తిరుపతి) · ఆదివారం, రాత్రి 9:40

మూడు వారాల కింద సెకండ్ హ్యాండ్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాను. రెండేళ్ల బండి, 11,000 కిలోమీటర్లు తిరిగింది, ఎక్కడా గీత కూడా లేదు. అమ్మినాయన కేటీ రోడ్డులో ఉంటారు, బెంగళూరుకి ట్రాన్స్‌ఫర్ అయి అమ్మేశారు, మంచి మనిషి, బిల్లులన్నీ కవర్లో పెట్టి ఇచ్చారు. ట్రయల్ చూసినప్పుడు రివర్స్ పనిచేసింది. అసలు నేను ఈ బండి కొన్నదే దానికోసం. మా ఇల్లు కపిలతీర్థం వైపు, సందు చివర, రోడ్డు నుంచి ఇంటిదాకా పల్లం. సందులో బండి తిప్పే చోటు లేదు, బయటికి రావాలంటే వెనక్కి లాక్కుంటూ ఎత్తు ఎక్కించాలి. నూరు కిలోలకు పైన బరువుండే బండిని రాత్రి డ్యూటీకి వెళ్లేటప్పుడు ఒక్కదాన్నే లాగలేను, అమ్మకి మోకాళ్ల నొప్పులు, తను సాయం పట్టలేదు.

29, 30 ఫారాలు పెట్టి ఆర్సీ నా పేరు మీదికి మార్పించుకున్నాను. తర్వాత షోరూం వాళ్లు యాప్‌లో బండిని నా నంబరుకి మార్చారు. మరుసటి రోజు సందులో కూర్చుని రివర్స్ బటన్ నొక్కితే స్క్రీన్ మీద "ఈ సదుపాయం మీ ప్లాన్‌లో లేదు" అని వచ్చింది. బటన్ హ్యాండిల్ మీదే ఉంది, బొటనవేలి కింద, దాని మీద R అక్షరం కూడా ఉంది. మూడుసార్లు నొక్కాను, మూడుసార్లూ అదే మాట. ఆ రోజు పక్కింటి తమ్ముడిని లేపి లాగించుకున్నాను.

షోరూంలో అడిగితే రివర్స్ లాంటివి డబ్బు కట్టి తెరిపించుకునే ప్యాకేజీలో ఉంటాయి, ఆ ప్యాకేజీ మొదటి కస్టమర్ అకౌంట్‌ది, మీ అకౌంట్‌కి కావాలంటే పద్నాలుగు వేల చిల్లర కట్టాలన్నారు. ఆయన ఒకసారి కట్టేశారు కదా, అదే బండి కదా అంటే "సిస్టమ్ అంతే మేడమ్" అన్నారు. బండిలో ఉన్న వస్తువుకి రెండోసారి డబ్బు కట్టడం ఏం న్యాయం? ఇట్లాంటిది మీలో ఇంకెవరికైనా జరిగిందా?

వైరింగ్‌మేస్త్రి (తిరుచానూరు) · ఆదివారం, రాత్రి 10:05

అక్కా, నేను ఈ బండ్లు విప్పి చూసినవాడిని కాబట్టి చెప్తున్నా. పెట్రోల్ బండికి రివర్స్ కావాలంటే గేర్‌బాక్సులో వేరే పళ్ల చక్రం పెట్టాలి, దానికి ఖర్చు ఉంది. ఎలక్ట్రిక్ బండికి అట్లా కాదు. మోటారుకి మూడు ఫేజుల్లో కరెంటు పోతుంది, ఆ వరస తిరగేస్తే మోటారు వెనక్కి తిరుగుతుంది. మన ఇళ్లల్లో త్రీఫేజ్ మోటారుకి రెండు వైర్లు మారిస్తే ఉల్టా తిరగదా, అదే. స్కూటర్లో ఆ పని మోటారుకి కరెంటు పంపే కంట్రోలర్ చేస్తుంది. అదనంగా ఒక్క నట్టు కూడా పెట్టలేదు. మీరు కొన్న రోజే ఆ రివర్స్ మీ దగ్గరికి వచ్చేసింది, మీరు వాడకుండా అడ్డం పెట్టారంతే.

కరకంబాడి · సోమవారం, ఉదయం 7:15

మేస్త్రి అన్న చెప్పింది నిజమే కానీ ఇంకో పక్క కూడా చూడాలి. నేను బ్యాటరీల పనిలో పన్నెండేళ్లుగా ఉన్నాను. తాళం వేసిన ప్రతిదీ మోసం అని కొట్టిపారేయలేం.

ఒక ఉదాహరణ. ఓలా మొదట ఎస్1, ఎస్1 ప్రో అని రెండు రకాలు ప్రకటించి, 2022 మొదట్లో ఎస్1 బుక్ చేసుకున్నవాళ్లకి కూడా ప్రో హార్డ్‌వేర్ ఉన్న బండే ఇస్తామని చెప్పింది. ప్రో సదుపాయాలు కావాలంటే 30,000 కట్టి తెరిపించుకోవచ్చు అంది. అక్కడ తక్కువ ధరకి ఒప్పుకుని కొన్నవాడికి నష్టం ఏముంది? పైగా పెద్ద బ్యాటరీకి సాఫ్ట్‌వేర్‌తో గిరి గీసి ఇస్తే, ఆ గిరి పైభాగంలో ఉంటే, సెల్స్‌ని ఎప్పుడూ పూర్తిగా నింపినట్టు కాదు. లిథియం సెల్‌ని రోజూ నూటికి నూరు నింపడం కన్నా ఎనభై దగ్గర ఆపితే ఎక్కువ కాలం వస్తుంది, ఇది మా పనిలో ప్రతి ఒక్కరికీ తెలిసిన విషయం. కొన్నవాడికి తెలియకుండానే బ్యాటరీ ఆయుష్షు పెరుగుతుంది.

మీ కేసు వేరు, అది ఒప్పుకుంటా. డబ్బు ఒకసారి వచ్చేసింది. ఆ బండి మీద డబ్బు కట్టి తీసుకున్న సదుపాయం ఆ బండితోనే పోవాలి.

స్వర్ణముఖి · సోమవారం, ఉదయం 8:30

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. కరకంబాడి గారూ, తక్కువ కట్టి తక్కువ తీసుకున్నవాళ్ల గురించి నాకు పేచీ లేదు. ఎక్కువ కట్టిన ఆయన నాకు ఆ ఎక్కువ కలిపే అమ్మారు. రివర్స్ లేని బండి అయితే ఎనిమిది పదివేలు తగ్గించి అడిగేదాన్ని, అసలు కొనేదాన్నే కాదు.

తోటకాడ (బంగారుపాళెం) · సోమవారం, మధ్యాహ్నం 1:20

మేడమ్, మీది స్కూటర్, నాది బోరు మోటారు. కథ అదే కాబట్టి రాస్తున్నా, కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

నాకు నాలుగెకరాల మామిడి, అంతా తోతాపురి. ఇల్లు ఊళ్లో, తోట రెండు కిలోమీటర్లు. కరెంటు పగటిపూట తొమ్మిది గంటలు ఇస్తారు, కానీ మధ్యలో పోతుంది, వస్తుంది, వచ్చినప్పుడల్లా మోటారు వేయడానికి పరిగెత్తలేను కాబట్టి రెండేళ్ల కింద మొబైల్ స్టార్టర్ పెట్టించాను. పెట్టెలో సిమ్ వేస్తే ఫోన్ నుంచి మోటారు ఆన్ ఆఫ్ చేయొచ్చు. తొమ్మిది వేలు అయింది. అమ్మినవాడు గట్టిగా చెప్పిన సంగతి ఏమంటే బోరులో నీళ్లు అయిపోతే మోటారు దానంతటదే ఆగుతుంది అని. మా బోరు 900 అడుగులు, ఎండాకాలంలో నలభై నిమిషాలు పోశాక గాలి కొడుతుంది. నీళ్లు లేకుండా మోటారు తిరిగితే వైండింగ్ మాడుతుంది, పైకి తీయించి చుట్టించాలంటే మనుషుల కూలీ, బండి బాడుగ, అన్నీ కలిసి ఆ స్టార్టర్ ధర కంటే ఎక్కువ.

మొదటి ఏడాది బాగా పనిచేసింది. రెండో ఏడాది ఏప్రిల్‌లో యాప్ తెరిస్తే రీచార్జ్ చేయమంది. సిమ్ రీచార్జ్ అనుకున్నా, అది నేను వేరేగా వేస్తూనే ఉన్నా. ఇది కంపెనీ రీచార్జ్, ఏడాదికి 1,200. కట్టకపోతే ఫోన్ నుంచి ఆన్ ఆఫ్ పోతుందేమో, పోతే పోయింది, నడిచి వెళ్తా అనుకున్నా. నీళ్లు అయిపోతే ఆపే సెట్టింగ్ కూడా ఆఫ్ అయిపోయిందని నాకు తెలియదు. ఒక్క మెసేజ్ లేదు. ఒకరోజు పెళ్లికి పోయి సాయంత్రం వచ్చి చూస్తే మోటారు ఒట్టిగా తిరుగుతా ఉంది, పైపు దగ్గర చెయ్యి పెడితే తడి లేదు, వేడి గాలి. అప్పటికి ఎంతసేపైందో తెలియదు. మాడిపోయింది.

మేస్త్రి అన్నా, మీరు చెప్పండి, నీళ్లు అయిపోయిన సంగతి కనిపెట్టడానికి కంపెనీ సర్వర్ ఎందుకు? పెట్టెలోనే ఆంప్స్ చూసే సెన్సార్ ఉంది కదా?

వైరింగ్‌మేస్త్రి · సోమవారం, మధ్యాహ్నం 2:10

అవసరమే లేదన్నా. నీళ్లున్నప్పుడు మోటారు ఎన్ని ఆంప్స్ లాగుతుందో, నీళ్లు లేనప్పుడు అంతకంటే తక్కువ లాగుతుంది, బరువు లేదు కాబట్టి. ఆ తగ్గుదల చూసి రిలే, అంటే దానంతటదే పడే స్విచ్, కరెంటు కొట్టేయాలి, అంతే. ఇంటర్నెట్ పుట్టకముందు నుంచీ ప్యానెల్ బోర్డుల్లో ఈ పని చేసేవి ఉన్నాయి. మీ పెట్టెలో అది పనిచేస్తూ ఉన్నదాన్ని దూరం నుంచి ఆపేశారు. ఇది చాలా తప్పు. రివర్స్ పోతే సందులో ఇబ్బంది, ఇది పోతే పంట పోతుంది.

షిఫ్ట్‌బి (శ్రీసిటీ) · సోమవారం, రాత్రి 11:50

నేను ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైన్ మీద పనిచేస్తాను, కంపెనీ పేరు వద్దు. బయటివాళ్లకి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. రెండు మోడళ్లు చేయడం కంటే ఒకే మోడల్ చేయడం చవక. రెండు మోడళ్లంటే రెండు రకాల వైరింగ్, రెండు స్పేర్ పార్ట్ నంబర్లు, రెండు టెస్టింగులు, గోడౌన్లో రెండు అరలు, లైన్ మార్చిన ప్రతిసారీ గంటసేపు పని ఆగుతుంది. అందుకని అన్నిట్లో అన్నీ బిగించేసి, సాఫ్ట్‌వేర్‌తో కొన్ని మూసేసి తక్కువ మోడల్ అని అమ్మడం కంపెనీకి లాభం. ఇది కొత్తది కూడా కాదు. 2010లో ఇంటెల్ ఒక పెంటియమ్ ప్రాసెసర్‌కి 50 డాలర్ల కార్డు అమ్మింది, దాని మీదున్న కోడ్ కొడితే చిప్‌లో మూసిపెట్టిన భాగం తెరుచుకునేది. జనం తిట్టారు, మరుసటి ఏడాదికి ఆపేశారు.

కరకంబాడి అన్న మాట కొంతవరకు ఒప్పుకుంటా, కానీ ఒకటి అడుగుతున్నా. వాడని పార్ట్ కూడా బండిలో బరువుగా ఉంది, దాన్ని రోజూ మోస్తున్నది కొన్నవాడే, కరెంటు ఖర్చు వాడిదే, అది చెడిపోతే బాగు చేయించేది కూడా వాడే. అన్ని ఖర్చులూ నావైనప్పుడు వస్తువు కూడా నాదే కావాలి.

కార్లలో ఇది ఎక్కడిదాకా పోయిందో చూడండి. 2022లో బీఎమ్‌డబ్ల్యూ దక్షిణ కొరియాలో సీటు వేడి చేసే సదుపాయానికి నెలకి దాదాపు 18 డాలర్లు అంది. సీటు లోపల తీగ ఫ్యాక్టరీలోనే బిగించి ఉంది. గోల గోల అయ్యాక 2023లో సీట్ల విషయంలో ఇక అట్లా చేయమని చెప్పింది. మెర్సిడెస్ అమెరికాలో ఎలక్ట్రిక్ కార్లకి ఏడాదికి 1,200 డాలర్లు కడితే పికప్ పెంచుతామని ప్రకటించింది, మోటారు మాత్రం అదే.

కరకంబాడి · మంగళవారం, ఉదయం 6:50

షిఫ్ట్‌బి తమ్ముడూ, బరువు సంగతి నేను ఆలోచించలేదు, అది సరైన మాటే. బ్యాటరీ అయితే ఇంకా ఎక్కువ, బండి బరువులో పెద్ద వాటా దానిదే. మన ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ప్రతి కిలో తెలుస్తుంది.

2017లో అమెరికాలో ఇర్మా తుఫాను వచ్చినప్పుడు ఫ్లోరిడాలో ఇట్లాంటిదే బయటపడింది. టెస్లా కొన్ని కార్లని 60 కిలోవాట్ అవర్ బ్యాటరీ అని అమ్మింది, లోపల ఉన్నది 75. జనం ఊళ్లు ఖాళీ చేసి పోతుంటే కంపెనీ దూరం నుంచే బటన్ నొక్కి మిగతాది తెరిచింది, యాభై కిలోమీటర్ల దాకా ఎక్కువ పోగలిగారు. మంచి పనే చేసింది. తర్వాత మళ్లీ మూసేసింది. ఆ వార్త చదివిన రోజు నేను నిజంగా చాలాసేపు ఆలోచించాను. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తెరిచారు, సంతోషం, కానీ తెరవాలా వద్దా అన్నది కారు ఓనర్ చేతిలో లేదు.

రిటైర్డ్‌టీచర్ (చిత్తూరు) · మంగళవారం, ఉదయం 10:15

అందరూ మంచి విషయాలు రాస్తున్నారు. నాకు బండ్ల గురించి తెలియదు, నాకు తెలిసింది సెట్‌టాప్ బాక్స్. మా పెట్టె వెనక పెన్‌డ్రైవ్ పెట్టే రంధ్రం ఉంది, ప్రోగ్రామ్ రికార్డు చేసుకోవచ్చని కొనేటప్పుడు అన్నారు. ఇంటికొచ్చాక దానికి వేరే నెలసరి కట్టాలన్నారు. ఛానెళ్లకి కట్టమంటే కడతాం, 2019లో టీవీ, ఫోన్ల నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త పద్ధతి తెచ్చినప్పుడు నూరు ఛానెళ్లకి నెలకి పన్నుతో కలిపి 153 రూపాయల 40 పైసలు అని లెక్క తేల్చారు, అది అర్థమైంది, రోజూ ఏదో వస్తుంది కాబట్టి కడుతున్నాం. నా పెట్టెలోంచి నా పెన్‌డ్రైవ్‌లోకి పోయేదానికి ఎందుకు కట్టాలో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

నా లెక్క ఇది. నెలనెలా వాళ్లకి ఖర్చు అయ్యేదానికి నెలనెలా కట్టడం ధర్మం. ఫోన్‌లో మ్యాప్ చూపించడం, బండి ఎక్కడుందో చెప్పడం, దానికి సిమ్ ఉంది, సర్వర్ ఉంది, మనుషులున్నారు. ఒకసారి తయారుచేసి అమ్మేసి ఇంక వాళ్లు ముట్టుకోని వస్తువుకి నెలనెలా అడగకూడదు. తోట ఉన్న అబ్బాయి ఫోన్ నుంచి మోటారు వేసే దానికి 1,200 అడిగితే సరే అందాం. మోటారు మాడకుండా ఆపేది పెట్టె. దానికి అడిగే హక్కు ఎవరికీ లేదు.

లీలామహల్ · మంగళవారం, మధ్యాహ్నం 12:40

ఇంత చర్చ ఎందుకు, సర్కిల్ దగ్గర ఒకతను రెండు వేలకే అన్‌లాక్ చేస్తాడంట. మా ఫ్రెండ్ చేయించాడు, రివర్స్, స్పీడ్ అన్నీ వచ్చాయి. అక్కకి నంబరు కావాలంటే పంపిస్తా.

వైరింగ్‌మేస్త్రి · మంగళవారం, మధ్యాహ్నం 1:30

తమ్ముడూ, వద్దు. అట్లా చేయించిన బండి ఒకటి నా దగ్గరికి వచ్చింది. రివర్స్ వచ్చింది నిజమే, కానీ వాళ్లు వేసిన సాఫ్ట్‌వేర్ బండి మోడల్‌ది కాదు, పక్క మోడల్‌ది. బ్రేక్ పట్టినప్పుడు మోటారు కూడా వెనక్కి లాగి బండిని నెమ్మది చేస్తుంది కదా, అది ఒకసారి పట్టేది, ఒకసారి పట్టేది కాదు. అక్క ఇల్లు పల్లంలో. పైగా బ్యాటరీ వారంటీ పోతుంది, ఆ బ్యాటరీ ధరే బండిలో సగానికి దగ్గర. హక్కు మనదైనప్పుడు దొంగదారి ఎందుకు పట్టాలి, అడిగి తీసుకోవాలి.

లీలామహల్ · మంగళవారం, మధ్యాహ్నం 1:45

బ్రేక్ సంగతి నాకు తెలియదు అన్నా. ఫ్రెండ్‌కి ఇప్పుడే చెప్తా.

కోర్టుదారి (చిత్తూరు) · మంగళవారం, రాత్రి 8:20

వినియోగదారుల కేసులు చూసే ఆఫీసులో గుమాస్తాగా పనిచేస్తున్నాను. స్వర్ణముఖి గారూ, చేయాల్సింది వరసగా చెప్తాను.

ముందు షోరూం వాళ్లు నోటితో చెప్పింది రాతలో తెప్పించుకోండి. ఈమెయిల్ చాలు. "నా బండిలో ఫలానా సదుపాయం ఫలానా తేదీ నుంచి ఆగింది, కారణం రాసి పంపండి" అని రెండు లైన్లు. వాళ్లు జవాబు ఇవ్వకపోయినా అది మీకు ఆధారమే. రెండోది, అమ్మినాయన దగ్గర ప్యాకేజీ కట్టిన బిల్లు ఉండాలి, దాని మీద ఛాసిస్ నంబరు ఉందేమో చూడండి. బిల్లు మనిషి పేరు మీద మాత్రమే కాకుండా బండి నంబరుతో ఉంటే మీ మాటకి బలం. ఆయన చేత "ప్యాకేజీతో సహా అమ్మాను" అని ఒక కాగితం రాయించుకోండి. కంపెనీ మీరు మా కస్టమర్ కాదు అని తప్పించుకోవడానికి చూస్తుంది, అందుకే ఆయన కాగితం ముఖ్యం.

తర్వాత 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్లకి కోర్టులాగా ఆర్డర్ ఇచ్చే అధికారం లేదు, కంపెనీకి పంపించి జవాబు అడుగుతారు. చాలా విషయాలు అక్కడే తెగుతాయి. తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, ఆన్‌లైన్లో వేయొచ్చు, గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్ల లోపు వేయాలి.

అడిగితే వస్తుందా అని అనుమానం వద్దు. 2023లో ఎలక్ట్రిక్ స్కూటర్ కంపెనీలు ఛార్జర్‌కి, సాఫ్ట్‌వేర్‌కి వేరుగా బిల్లు వేసి బండి ధర తక్కువ చూపించి సబ్సిడీ తీసుకున్నాయని కేంద్రం పట్టుకుంటే, నాలుగు కంపెనీలు కొన్నవాళ్లకి ఛార్జర్ డబ్బులు వెనక్కి ఇస్తామని ఒప్పుకున్నాయి. ఛార్జర్ లేకుండా బండి నడవదు కదా, దాన్ని వేరే వస్తువు అని ఎట్లా అంటారు అన్నదే అక్కడ ప్రశ్న.

తోటకాడ గారూ, మీది ఇంకా గట్టి కేసు. మోటారు చుట్టించిన బిల్లు పెట్టుకున్నారా?

తోటకాడ · బుధవారం, ఉదయం 5:50

చుట్టించిన చోట తెల్లకాగితం మీద రాసిచ్చారు సార్, ముద్ర లేదు. పోయి ముద్ర వేయించుకొస్తా. స్టార్టర్ కొన్న బిల్లు ఉంది.

స్వర్ణముఖి · మరుసటి వారం శనివారం, సాయంత్రం 6:10

అందరికీ ఏం జరిగిందో చెప్పాలి. బెంగళూరు ఆయనకి ఫోన్ చేస్తే అప్పటికప్పుడే కాగితం రాసి ఫోటో తీసి పంపారు, నాకంటే ఆయనకే ఎక్కువ కోపం వచ్చింది. బిల్లు మీద ఛాసిస్ నంబరు ఉంది! ఈమెయిల్‌కి మూడు రోజులు జవాబు లేదు. 1915కి చేశాను, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. ఐదో రోజు కంపెనీ వాళ్లే ఫోన్ చేసి, మీ ఒక్కరికి ప్రత్యేకంగా రివర్స్ తెరుస్తున్నాం, ఫిర్యాదు మూసేయండి అన్నారు. నిన్న రాత్రి డ్యూటీకి బయల్దేరుతూ బటన్ నొక్కాను, కూఁ అని సన్నగా శబ్దం చేస్తూ బండి తనంతట తానే ఎత్తు ఎక్కింది, అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంది.

కానీ ఫిర్యాదు మూయలేదు. "నాకు ఒక్కదానికి" అన్న మాట నాకు నచ్చలేదు. ఇంకో రెండేళ్లకి నేను ఈ బండి అమ్మితే కొన్నామె మళ్లీ ఇదే సందులో నిలబడాలా? ప్యాకేజీ బండితో పాటు పోతుందని రాసి ఇవ్వండి, అప్పుడు మూస్తాను అన్నాను. పైవాళ్లని అడిగి చెప్తామన్నారు. ఇంకా చెప్పలేదు.

కోర్టుదారి · శనివారం, రాత్రి 7:00

మంచి పని చేశారు. మూయకండి. తేదీలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి.

తోటకాడ · శనివారం, రాత్రి 9:25

మేడమ్, మీరు ఈమెయిల్లో రాసింది ఇక్కడ పెడతారా, నేను అట్లే రాసుకుంటా. ముద్ర వేయించుకొచ్చాను. ఇంకో చిక్కు, స్టార్టర్ పెట్టె మీద సీరియల్ నంబరు స్టిక్కర్ ఎండకి తెల్లబోయింది, ఒక్క అంకె కనపడదు.

వైరింగ్‌మేస్త్రి · శనివారం, రాత్రి 9:40

అన్నా, మెయిన్ ఆఫ్ చేసి మూత తీసి చూడు, లోపల సిమ్ పెట్టే బోర్డు మీద చిన్న స్టిక్కర్ ఉంటుంది, అదే నంబరు దాని మీద కూడా వేస్తారు. ఫోటో తీసి పెట్టుకో. రేపు పొద్దున చూడు, రాత్రిపూట ముట్టుకోవద్దు.

స్వర్ణముఖి · శనివారం, రాత్రి 10:05

అన్నా, నేను రాసింది ఇదే, మీ సంగతికి మార్చుకోండి: "ఫలానా తేదీన కొన్న ఫలానా వస్తువులో, కొనే రోజు పనిచేసిన ఈ సదుపాయాన్ని మీరు ఫలానా తేదీన ఆపేశారు. ఆపే ముందు నాకు తెలియజేయలేదు. దీనికోసం డబ్బు ఇప్పటికే చెల్లించడమైనది, బిల్లు జత చేశాను. ఏ నిబంధన ప్రకారం ఆపారో, ఆ నిబంధన కొనేటప్పుడు ఎక్కడ చూపించారో రాసి పంపండి."